నీళ్ళు పడేదాకా

చేపలు లేని చేపల తొట్టెకు ముప్ఫై ఎనిమిది రోజులు కాపలా కాసిన వాణ్ణి నేను. పొద్దున బ్యాంకుకు వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి ఆ తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే, మా ఆవిడ ఇరుగుపొరుగు వాళ్ళతో "ఈయన నీళ్ళు పెంచుకుంటున్నారు" అనేది. వేళాకోళానికి అన్నా అందులో అబద్ధమేమీ లేదు. ఉప్పునీటి ఆక్వేరియంలో ముందు పెంచవలసింది నీళ్ళనే. చేపలు ఆ తరవాత.

మంచినీటి చేపలు మా ఇంటికి కొత్త కాదు. చెన్నైలో ఈ సరదా ఉన్నవాళ్ళందరికీ కొళత్తూరు బజారు తెలుసు. కాని ఈసారి పుణెలో ఉంటున్న మా మనవరాలు సముద్రపు చేప కావాలంది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా వాళ్ళమ్మ చిన్నప్పుడు చూసింది. ఇప్పుడు ఈ పిల్ల చూసి, నారింజ రంగు మీద తెల్ల చారలున్న ఆ చేప తాతయ్య ఇంట్లో ఉండాలని ఫోనులో పట్టుబట్టింది. అయిదేళ్ళ పిల్ల అడిగితే కాదనగలమా?

తొట్టె మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. 190 లీటర్లు పడుతుంది. నీళ్ళ బరువే రెండువందల కిలోలకు దగ్గర, కాబట్టి గట్టి ఇనుప స్టాండు చేయించి, మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి మట్టం చూసి మరీ నిలబెట్టాం. బెసెంట్ నగర్ బీచి నుంచి నాలుగు క్యాన్లు నీళ్ళు తెస్తే పోలేదా అన్నాడు మా తమ్ముడు. అడయారు, కూవం వచ్చి కలిసే తీరం మనది. ఆ నీళ్ళలో ఏమేం ఉంటాయో చెప్పనక్కరలేదు. కుళాయి నీళ్ళలో క్లోరిన్, బోరు నీళ్ళలో ఇంకేవేవో లవణాలు. అందుకని శుద్ధి చేసిన ఆర్.ఓ. నీళ్ళు పోసి, ఆక్వేరియం కోసమే అమ్మే సముద్రపు ఉప్పు కలిపాను. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో కాల్షియం, మెగ్నీషియం లాంటివి కూడా ఉండాలి కదా. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఆరు కిలోల పైచిలుకు పట్టింది. పంపు పెట్టి ఒక రోజంతా తిప్పాక హైడ్రోమీటరు 1.025 చూపించింది.

మన ఎండలకు హీటరు అవసరం లేదు, చల్లబరిచే చిల్లర్ కావాలి. నీళ్ళు 26 డిగ్రీల దగ్గర నిలవాలి. ఇంకో సంగతి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేరకు మళ్ళీ మంచినీళ్ళే పోయాలి. వడ్డీ ఖర్చయినా అసలు కదలకుండా ఉన్నట్టు.

ఇక రాళ్ళు. ఎవరో రామేశ్వరం వైపు నుంచి పగడపు రాళ్ళు తెప్పిస్తామన్నారు. వద్దన్నాను. గట్టి పగడాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. కృత్రిమంగా చేసిన గుల్లరాళ్ళు పేర్చాను. ఆ గుల్లల్లోనే అసలు కాపురాలు వెలుస్తాయి.

ఎవరి కాపురాలంటే, కంటికి కనపడని సూక్ష్మజీవులవి. చేపల విసర్జనలో అమ్మోనియా ఉంటుంది. అది చేపకే విషం. సముద్రపు నీటిలో క్షారగుణం ఎక్కువ కాబట్టి ఆ విషం ఇంకా ఘాటుగా పనిచేస్తుంది. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ చెడ్డదే. ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చేస్తుంది. అది కొద్దిగా ఉన్నా చేపలు తట్టుకుంటాయి. ఈ సంగతిని 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు తేల్చాడు. ఈ రెండు జాతులూ కొత్త తొట్టెలో చాలినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతదాకా వాటికి మేతగా మనమే లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున అమ్మోనియా వేయాలి.

నేను లెడ్జరు తెరిచాను. తేదీ, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్. మొదటి వారమంతా పరీక్ష గొట్టంలో ఆకుపచ్చ రంగే. అంటే అమ్మోనియా ఉన్నది ఉన్నట్టే ఉంది. పదో రోజున నైట్రైట్ గొట్టం ఊదారంగుకు తిరిగింది. మొదటి బ్యాచి ఉద్యోగంలో చేరిందన్నమాట.

సరిగ్గా అప్పుడే మనవరాలు సెలవులకు వచ్చింది. పది రోజులే ఉంటుంది. వస్తూనే తొట్టె దగ్గరికి పరుగెత్తి, రాళ్ళ వెనక వెతికి, "నీమో ఏడీ తాతయ్యా?" అంది. చెప్పినా వినదు. ఏడుపు. మర్నాడు చేపల దుకాణానికి తీసుకువెళితే అక్కడి అబ్బాయి నా చెవిలో, "సార్, డామ్సెల్ చేపలు నాలుగు వేసెయ్యండి. మొండివి, తట్టుకుంటాయి. పోయినా పెద్ద ఖరీదు కాదు" అన్నాడు. పిల్ల నా చెయ్యి పట్టుకుని నీలం చేపల వంకే చూస్తోంది. నాలుగు చేపలు కొంటే ఆ ముఖం వెలిగిపోతుంది. అవి ఇంటికొచ్చి ఆ నీళ్ళలో మొప్పలు కాలి రొప్పుతుంటే, చూడవలసింది కూడా ఆ ముఖమే. వట్టి చేతులతో తిరిగొచ్చాం. దారి పొడవునా పిల్ల నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి ఎనభై దాటిన మా అమ్మ దాన్ని పక్కన కూర్చోపెట్టుకుంది. "అమ్మడూ, నాకు పెళ్ళయి 1962లో కావలి దగ్గర మా ఊరి నుంచి ఈ ఊరు వచ్చాను. ఇక్కడి నీళ్ళు నాకు పడలేదు. నెల రోజులు ఏం తిన్నా ఇమడలేదు. మా అత్తగారు కాచి చల్లార్చిన నీళ్ళలో జీలకర్ర వేసి ఇచ్చేది. 'తొందరపడకు, నీళ్ళు పడతాయి' అనేది. నన్నెవరూ తొందరపెట్టలేదు కాబట్టి ఉండగలిగాను. నీ చేపకు మాత్రం నీళ్ళు పడొద్దా?" అంది. పిల్ల కాసేపు ఆలోచించి, "చేపకు జీలకర్ర ఎవరిస్తారు?" అని అడిగింది. "మీ తాతయ్య ఆ పనిలోనే ఉన్నాడు" అంది అమ్మ.

మర్నాటి నుంచి పరీక్ష గొట్టం ఊపే ఉద్యోగం మనవరాలిదే. ఇసుక మీద గోధుమరంగు నాచు పట్టినప్పుడు మా ఆవిడ కాఫీపొడి ఒలికిందని గాబరా పడితే, "ఏం కాదు నాయనమ్మా, నీళ్ళు పడుతున్నాయి" అని సర్దిచెప్పింది. నైట్రైట్ ఊదారంగులో ఉండగానే రైలెక్కింది.

ముప్ఫై ఎనిమిదో రోజున 2 మిల్లీగ్రాముల లెక్కన అమ్మోనియా వేశాను. 24 గంటల తరవాత చూస్తే అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. అప్పిచ్చే ముందు తీర్చే శక్తి చూస్తాం కదా, ఇదీ అంతే. పేరుకున్న నైట్రేట్ తగ్గేందుకు సగం నీళ్ళు మార్చి, అప్పుడు రెండే రెండు క్లౌన్ చేపలు తెచ్చాను. సముద్రం నుంచి పట్టినవి కావు, తొట్లలో పుట్టినవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు మండపంలో వీటిని తొట్లలోనే పెంచి పిల్లలు చేయించే పద్ధతి సాధించారు. సంచీలోకి మా తొట్టె నీళ్ళు గంటసేపు చుక్కచుక్కగా వదిలి, ఆ తరవాతే మెల్లగా లోపలికి దింపాను.

వీడియో కాల్‌లో చూపిస్తే మనవరాలు వేసిన మొదటి ప్రశ్న, "నీళ్ళు పడ్డాయా?" పడ్డాయని చెప్పాను. మీలో ఎవరికైనా ఈ సరదా పుడితే నాదొక్కటే సలహా. తొట్టె కొన్న రోజున చేపల్ని కొనకండి. ఒక నోటు పుస్తకం కొనండి.