కెమెరా సరే, కరెంటు సంగతి?

కారుకు డాష్‌క్యామ్ పెట్టించుకోవాలనుకునేవాళ్లు దుకాణంలో ముందు అడిగేది '4కె ఉందా' అని. తర్వాత ధర. ఆ తర్వాత ఫోన్లో యాప్ సరిగ్గా పనిచేస్తుందా అని. దానికి కరెంటు ఎక్కడినుంచి ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం బిల్లు కట్టేశాక, బిగించే కుర్రాడి నోట వస్తుంది: 'సార్, సాకెట్‌కి పెట్టమంటారా, డైరెక్ట్ ఇచ్చేయమంటారా?' అప్పటికి మన ఓపిక అయిపోయి ఉంటుంది కాబట్టి, ఏది మంచిదైతే అది కానిచ్చేయమంటాం. ఈ కొనుగోలు మొత్తంలో నిదానంగా ఆలోచించాల్సిన నిర్ణయం అదే, దాన్నే ఇంకొకరికి వదిలేస్తాం. ఈ వరస తిరగెయ్యాలన్నది నా వాదన. బండి రాత్రిపూట ఎక్కడ ఉంటుందో ముందు చూసుకోవాలి. దాన్నిబట్టి కరెంటు ఎలా ఇవ్వాలో తేల్చుకోవాలి. కెమెరా ఏదన్నది ఆ తర్వాతి మాట.

డాష్‌క్యామ్ పని సాక్ష్యం చెప్పడం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ ప్రమాదాల్లో ఐదో వంతుకు అటూ ఇటూగా వెనకనుంచి గుద్దినవే. గుద్ది ఆగకుండా పోయిన కేసుల్లో పోయిన ప్రాణాలు 30 వేల పైచిలుకు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద మృతుడి కుటుంబానికి వచ్చేది 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. నంబరు తెలిస్తే ఆ బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ మనిషి వయసు, సంపాదన, ఆయన మీద ఆధారపడినవాళ్లు, అన్నీ చూసి పరిహారం కడతారు. ఏపీ అనో టీజీ అనో మొదలయ్యే ఆ పది గుర్తుల విలువ అంత. ముందు కెమెరాతో సరిపెట్టుకోకుండా వెనక్కి కూడా ఒకటి కావాలనడం అందుకే. వెనకనుంచి తగిలించి పక్క సందులోకి తిప్పేసినవాడి నంబరు ముందు అద్దానికి అంటించిన కెమెరాకు ఎప్పుడోగాని దొరకదు. 'మీరే రివర్స్ వచ్చి గుద్దారు' అని ఎదురుతిరిగేవాడికి సమాధానం కూడా వెనక కెమెరాలోనే ఉంటుంది. దుకాణంలో 'డ్యూయల్ కెమెరా' అనగానే వెనకది వచ్చేసినట్టు అనుకోకండి. 2023లో వచ్చిన హ్యుందాయ్ ఎక్స్‌టర్‌లో కంపెనీయే ఇచ్చిన డ్యూయల్ కెమెరా డాష్‌క్యామ్‌లో రెండో కన్ను కారు లోపలికి చూస్తుంది. ట్యాక్సీలవాళ్లకు అది పనికొస్తుంది గాని, వెనక వస్తున్న లారీ దానికి పట్టదు.

మరి ఆ పది గుర్తులు కనబడాలంటే 4కె ఉండాలి కదా అంటారు. పగలు కొంత నిజమే. చిక్కు రాత్రిపూట వస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరైన హై సెక్యూరిటీ ప్లేట్లు మన హెడ్‌లైటు వెలుగును తిరిగి మన మీదకే కొడతాయి. దాంతో వీడియోలో ప్లేటు ఉన్నచోట తెల్లటి చతురస్రం మిగులుతుంది. దానిమీద పిక్సెళ్లు ఎన్ని పోసినా అక్షరం పుట్టదు. చీకటినీ మిరుమిట్లనూ ఒకే ఫ్రేములో పట్టగల సెన్సర్ కావాలి. సోనీ స్టార్‌విస్ 2 రకం సెన్సర్, పనిచేసే హెచ్‌డీఆర్ ఉన్న 2కె కెమెరా, నాసిరకం సెన్సర్‌తో వచ్చే 4కె కంటే నయం. వెనక్కి 1080పి చాలు. పైగా 4కె కెమెరా ఎక్కువ కరెంటు తాగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, కార్డును తొందరగా నింపుతుంది. కెమెరా ఎంపిక గురించి ఇంతకంటే పెద్దగా చెప్పాల్సింది లేదు, ఒక్క విషయం తప్ప: లోపల లిథియం బ్యాటరీ ఉందా, సూపర్ కెపాసిటర్ ఉందా అన్నది.

ఆ ఒక్క విషయం మన ఊళ్లలో ప్రాణం లాంటిది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నీడ లేనిచోట నిలిపిన కారులో ముందు అద్దం దగ్గర 60 డిగ్రీలు దాటడం మామూలే. లిథియం బ్యాటరీని మామూలుగా 45 డిగ్రీలు దాటాక చార్జి చేయకూడదు. అలాంటిదాన్ని ఎండాకాలమంతా అద్దానికి అంటించి ఉంచితే ఉబ్బుతుంది, కెమెరా తొడుగు విచ్చుకుంటుంది. సూపర్ కెపాసిటర్ అంత వేడినీ తట్టుకుంటుంది. దాని నిల్వ కొద్ది సెకన్లకే సరిపోతుంది, కానీ ఆ కొద్ది సెకన్లే కీలకం. డాష్‌క్యామ్ వీడియోను నిమిషానికో మూడు నిమిషాలకో ఒక ఫైలుగా మూస్తూ పోతుంది. గట్టి ప్రమాదంలో బానెట్ నలిగి బ్యాటరీ కేబుల్ తెగిపోతే, మనకు కావలసిన ఆఖరి ఫైలు ఇంకా మూయకుండానే ఉంటుంది. దాన్ని సరిగ్గా మూసేంత కరెంటు ఆ కెపాసిటర్ నుంచే రావాలి. ఉబ్బిపోయి చచ్చిన లిథియం బ్యాటరీ ఉంటే ఆ ఫైలు తెరుచుకోదు. 4కెలో తీసినా అంతే.

ఇక బయటి కరెంటు. బండి రాత్రిపూట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, గేటు వేసిన ఆవరణలోనో ఉంటే, అక్కడ సీసీ కెమెరా కూడా ఉంటే, సిగరెట్ లైటర్ సాకెట్ చాలు. మన దగ్గర అమ్ముడయ్యే కార్లలో చాలావాటికి ఆ సాకెట్ తాళం తిప్పితే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది. బ్యాటరీ దిగుతుందన్న బెంగ లేదు. అయితే కెమెరాతో వచ్చిన అడాప్టరే వాడాలి. రెండు కెమెరాలు నడవాలంటే 5 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్ల దాకా కావాలి. స్టీరియో పక్కన ఉండే పాత యూఎస్‌బీ పోర్టు అరడజను పాటలు పాడించడానికి పెట్టింది, అర ఆంపియర్ ఇస్తే గొప్ప. దానికి తగిలిస్తే కొన్ని కెమెరాలు కంప్యూటర్‌కు కలిపారనుకుని, ఫైళ్లు చూపించాలా అని స్క్రీన్ మీద అడుగుతూ కూర్చుంటాయి, రికార్డు చేయవు. చవక అడాప్టర్లు పెట్టాక ఎఫ్ఎం రేడియోలో గరగర మొదలైతే తప్పు రేడియోది కాదు. వేలాడే వైరు నచ్చదనుకుంటే తాళంతోపాటు వెలిగే ఫ్యూజు నుంచి కరెంటు తీసుకుని వైరును లైనింగ్ లోపలికి దోపేయవచ్చు. ఫలితం అదే, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది.

బండి వీధిలో నిలబడేదైతే లెక్క మారుతుంది. రాత్రి ఎవడో గీసి పోయాడనో, ఆటో రాసుకుపోయిందనో తెలియాలంటే కెమెరా మెలకువగా ఉండాలి. దానికి హార్డ్‌వైర్ కిట్ కావాలి. కిట్ నుంచి మూడు వైర్లు వస్తాయి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు, రెండోది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు, మూడోది ఎర్త్‌కు, అంటే కారు బాడీకి తగిలిన బోల్టుకు. కెమెరాకు కరెంటు మొదటి వైరు ఇస్తుంది, బండి నడుస్తోందో ఆగిందో రెండోది చెబుతుంది. హడావిడిలో బిగించేవాళ్లు ఈ రెంటినీ కలిపి ఎప్పుడూ వెలిగే ఒకే ఫ్యూజుకు తగిలించేస్తుంటారు. అప్పుడు బండి ఆగిన సంగతి కెమెరాకు తెలియనే తెలియదు, తెల్లవార్లూ పూర్తిస్థాయిలో తీస్తూనే ఉంటుంది. మూడో రోజు సెల్ఫ్ తీసుకోదు, నింద కెమెరా మీద పడుతుంది. పరీక్ష చాలా తేలిక. బండి ఆపి, తలుపులు లాక్ చేసి, పది నిమిషాలాగి మల్టీమీటర్‌తో ఫ్యూజులు చూడాలి. తాళం తీసిన వెంటనే చూస్తే కొన్ని ఫ్యూజుల్లో ఇంకా కరెంటు ఉంటుంది, మోసపోతాం. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజుల జోలికి మాత్రం వెళ్లకూడదు.

'ఎంత జాగ్రత్తపడినా బ్యాటరీ దిగిపోతుంది కదా' అన్నది అందరూ లేవనెత్తే అభ్యంతరం, న్యాయమైనదే. అంకెలు చూద్దాం. రెండు కెమెరాల జత సుమారు 5 వాట్లు తీసుకుంటుంది అనుకుంటే, 12 వోల్టుల దగ్గర అది 0.4 ఆంపియర్లు. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. అందులో సగం వాడుకోవచ్చు అనుకుంటే కాగితం మీద నలభై గంటలు వస్తుంది. రెండేళ్లు నిండిన బ్యాటరీలో అంత ఉండదు, పైగా కారు సొంత అలారమూ కంప్యూటరూ కూడా దాన్నే తాగుతుంటాయి. ఒక రాత్రికి భయం లేదు, శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో వారం వదిలి వెళితే భయమే. అందుకే కిట్‌లో కటాఫ్ ఉంటుంది: వోల్టేజి ఇంతకు పడితే కెమెరాను ఆపేయమని. నిండు బ్యాటరీ నిలకడగా 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2 దగ్గర సగం ఖాళీ, 12 దగ్గర పావువంతు మిగిలినట్టు, 11.8 అంటే దాదాపు అడుగంటినట్టే. కాబట్టి 11.8 మీద పెట్టిన కటాఫ్ ఉన్నా లేనట్టే. 12.2 పెట్టండి, పాత బ్యాటరీ అయితే 12.4. రాత్రి కెమెరా ముందే పడుకుంటుంది, నిజమే, పొద్దున బండి లేస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది: రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి వచ్చే బండి రాత్రి ఖర్చయిన కరెంటును పగలు తిరిగి నింపుకోలేదు. అలాంటివాళ్లు దెబ్బ తగిలితేనే మేలుకునే మోడ్ పెట్టుకోవాలి. విద్యుత్ కారు ఉన్నవాళ్లు తమకు ఈ బాధ లేదనుకుంటారు. ఆ కార్లలోనూ కెమెరా తాగేది సీటు కింది పెద్ద ప్యాక్ నుంచి కాదు, విడిగా ఉన్న చిన్న 12 వోల్టుల బ్యాటరీ నుంచి. అది దిగితే పెద్ద ప్యాక్ నిండుగా ఉన్నా కారు కదలదు.

వారంటీ పోతుందన్నది రెండో అభ్యంతరం. కంపెనీ వైరు కోసి అతుకు వేస్తే ఆ భయం ఉన్నదే. ఫ్యూజు గూట్లోనే గుచ్చే ఫ్యూజు ట్యాప్ వాడితే దేన్నీ కోయాల్సిన పని లేదు, సర్వీసింగుకు ముందు పీకేయవచ్చు. వారంటీ కంటే పెద్ద ప్రమాదం ముందు అద్దం పక్క స్తంభంలో ఉంది. ఆరు ఎయిర్‌బ్యాగుల కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ముందు అద్దం పక్కనుంచి పైకప్పు అంచు వెంట మడిచి ఉంటుంది. కెమెరా వైరు దాని వెనకనుంచి పోవాలి. ముందునుంచి లాగితే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు వైరు అడ్డం పడుతుంది. ఆ స్తంభం తొడుగు విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

'రేపు ఆ వీడియో మనకే ఎదురు తిరిగితే?' అని కొందరు నసుగుతారు. తిరగవచ్చు. తప్పు మనదైతే తిరగాలి కూడా. వీడియో మనవైపే ఉన్నా దాన్ని నిలబెట్టుకోవడం మన చేతిలోనే ఉంది, అక్కడా కరెంటే అడ్డొస్తుంది. వారాల తరబడి కరెంటు అందకపోతే కొన్ని కెమెరాల గడియారం మొదటికి వచ్చేస్తుంది. తేదీ తప్పున్న వీడియోను ఎదుటి లాయరు ముందు దానిమీదే పట్టుకుంటాడు. జీపీఎస్ ఉన్న కెమెరా ఆ తేదీని తనే దిద్దుకుంటుంది కాబట్టి దానికి పెట్టే అదనపు డబ్బు దండగ కాదు. రెండు కెమెరాలూ కలిపి గంటకు 13 జీబీ దాకా రాస్తాయి, 128 జీబీ కార్డు తొమ్మిది పది గంటల్లో చుట్టు తిరిగి పాతది చెరిపేస్తుంది. కుదుపుకు ఫైలును దాచే సెన్సర్‌ను తక్కువ మీద పెట్టకపోతే మన స్పీడ్ బ్రేకర్లన్నీ ప్రమాదాలై కార్డులో చోటు ఆక్రమిస్తాయి. ప్రమాదం జరిగితే వెంటనే కెమెరా ఆపి కార్డు తీసి దాచాలి, వాట్సాప్‌లో వచ్చినదాన్ని నమ్ముకోకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం కాపీ ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తు, రాయాలి. అసలు కార్డు భద్రంగా ఉంటే ఆ పని సులువవుతుంది.

కాబట్టి కెమెరాల బేరం మొదలుపెట్టే ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ మీద తయారీ తేదీ చూడండి. మూడేళ్లు దాటి ఉండి, బండి వీధిలో నిలబడేదైతే, ముందు బ్యాటరీ మార్పించి ఆ తర్వాత కెమెరా కొనండి.