పద్యపాదమూ, కిటికీ వెడల్పూ

బ్లాగ్మిత్రులలో పద్యాలు ప్రకటించేవారు ఎందరో ఉన్నారు. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా వారికోసం.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. పెద్ద తెరపై అవి ఒకే వరుసలో హాయిగా ఒదుగుతాయి. విహరిణి కిటికీని సగానికి కుదించినా, చేతిఫోనులో చూచినా, చివరి అక్షరాలు కొన్ని కిందికి జారిపోతాయి. నాలుగు పాదాల పద్యం ఎనిమిది వరుసలై వచనకవితవలె కనబడుతుంది. ఛందస్సు తెలిసినవారికి ఇది చికాకు మాత్రమే, చెవి సర్దుకుంటుంది. కొత్తగా నేర్చుకొనే పిల్లవాడి సంగతి వేరు. ప్రాస ఉండేది పాదంలోని రెండవ అక్షరంలో. ఏ వరుస పాదారంభమో తెలియనివాడు దానిని ఎక్కడని వెదకగలడు?

కొందరు విరుగుడుగా పుట వెడల్పును 800 పిక్సెళ్లకు బిగించివేస్తారు. అప్పుడు ఫోనులో చదివేవారు ప్రతి పాదానికీ తెరను అటూ ఇటూ జరుపుకోవాలి. మరికొందరు పద్యాన్ని బొమ్మగా అతికిస్తారు. బొమ్మ కిటికీతోపాటు ఒదిగేమాట నిజమే కాని, అక్షరాలూ చిక్కిపోయి గుడులూ వత్తులూ అలికినట్లవుతాయి, వెదుకులాటకూ అందవు. యూనికోడు వచ్చిన తరువాత కూడా పద్యాన్ని బొమ్మలో బంధించడం నాకు రుచించదు.

సి.ఎస్.ఎస్.లో ఇంతకన్న సుళువైన ఉపాయం ఉంది. పద్యపు పెట్టెకు విడ్త్ 100 శాతం, మాక్స్-విడ్త్ 40 ఎమ్ అని ఇవ్వండి. ఎమ్ అనేది ఖతి పరిమాణాన్ని అనుసరించే కొలత గనుక, అక్షరం పెంచితే పెట్టె హద్దూ పెరుగుతుంది. తరువాత ఒక్కొక్క పాదాన్ని వేరు పేరాగా పెట్టి, ప్యాడింగ్-లెఫ్ట్ 2 ఎమ్, టెక్స్ట్-ఇండెంట్ మైనస్ 2 ఎమ్ అనండి. పాదారంభం అంచున నిలుస్తుంది, మిగిలిన ముక్క లోపలికి జరిగి కూర్చుంటుంది. పాదాలను బి.ఆర్. ట్యాగుతో విడదీస్తే ఇది పనిచేయదు. ఆ ఇండెంటు పేరాలోని మొదటి వరుసకే వర్తిస్తుంది. మూసలో వ్యూపోర్ట్ మెటా ట్యాగు ఉన్నదో లేదో కూడా చూడండి. అది లేకపోతే ఫోను మీ పుటను పెద్ద తెర పుటగా భావించి మొత్తాన్ని కుదించి చూపుతుంది. 2007లో వచ్చిన ఐఫోను అలా ఊహించుకొన్న వెడల్పు 980 పిక్సెళ్లు.

యతిస్థానంలో విరిస్తే సరిపోదా అని అడగవచ్చు. సంస్కృతంలో యతి విరామం, తెలుగులో అక్షరమైత్రి. ఉత్పలమాల పదవ అక్షరం దగ్గర మాట సగంలో ఉండవచ్చు, అక్కడ విరిస్తే మాట తెగుతుంది. సీసం మాత్రం ఇందుకు చక్కగా లొంగుతుంది. నాలుగు ఇంద్రగణాలతో ఒక సగం, రెండు ఇంద్రగణాలూ రెండు సూర్యగణాలతో మరొక సగం; ఏ సగం యతి ఆ సగానిదే. రెండింటినీ వేర్వేరు ఇన్‌లైన్-బ్లాక్‌లు చేస్తే, కిటికీ విశాలంగా ఉన్నప్పుడు పక్కపక్కన ఉంటాయి, ఇరుకైనప్పుడు రెండవది కిందికి దిగుతుంది.

తాళపత్ర లేఖకులు పాదానికొక వరుస ఇవ్వలేదు. ఆకు చివరికంటా వ్రాసుకుపోయి, పాదవిభజనను చదివేవారి చెవికి వదిలిపెట్టారు. ఆ చెవి ఈనాడు అందరికీ లేదు గనుకనే ఇంత పాటు.

కందం వ్రాసేవారికి ఈ శ్రమ తక్కువ. 12 మాత్రల బేసిపాదం ఫోనులోనూ ఇమిడిపోతుంది. సరిపాదాలను చూసుకుంటే చాలు.