టకటకలాడితే భయం లేదు

కారు తలుపు దడాలున వేయకూడదన్న ఒక్క సంగతి తెలిస్తే ఇల్లాలికి చాలునని మా ఇంట్లో మగవాళ్ళ అభిప్రాయం. నేనూ ఎప్పుడూ కాదనలేదు. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. నా కథానాయికలు వెనక సీట్లో కూర్చుని నిట్టూర్చడమే తప్ప బానెట్ ఎత్తిన పాపాన పోలేదు.

మాది 1984 నాటి అంబాసిడర్, పెట్రోలు బండి. మామయ్యగారు ఇరిగేషన్‌లో ఓవర్సియరుగా వున్నప్పుడు కొన్నది. ఆ కార్లు చేసే ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లోనే మూతబడింది. మా బండి మాత్రం మా విజయవాడ ఎండల్ని తట్టుకుంటూ వసారా పక్కన అలాగే వుంది.

కిందటేడు అత్తయ్యగారు పోయాక మామయ్యగారు మాట మానేశారు. కాఫీ చల్లారినా, పేపరు ఆలస్యమైనా ఒక్క మాట లేదు. "నాన్న ఎంత సర్దుకుపోయారో చూశావా!" అని మావారు మురిసిపోయారు. నాకేమో ఆ నెమ్మది చూస్తే గుబులుగా వుండేది.

ఈలోగా కారు మొరాయించింది. ఎత్తు ఎక్కదు. ఆగి వున్నప్పుడు చలిజ్వరం వచ్చినట్లు వణుకుతుంది. షెడ్డులో చూసినతను ఇంజను మొత్తం విప్పాలన్నాడు, అంత ఖర్చు పెట్టేకంటే తుక్కుకింద అమ్మేస్తే మేలన్నాడు. మావారు తుక్కు వైపే మొగ్గారు. అప్పుడు, ఎన్నాళ్ళకో, మామయ్యగారు నోరు విప్పారు. "జబ్బేమిటో తెలుసుకోకుండానే పాడె కడతావేంట్రా?"

ఆయనకిప్పుడు చూపు ఆనదు. అందుకని నన్ను పిలిచారు. ప్లగ్గులు విప్పించి, ఒక్కొక్క సిలిండరుకీ కంప్రెషన్ గేజి పెట్టించారు. మావారు సెల్ఫ్ కొట్టారు. మూడు సిలిండర్లకి ముల్లు బాగానే లేచింది. రెండోదానికి మాత్రం సగమే. అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ చూడమన్నారు. ముల్లు అక్కడే ఆగింది.

"ఆయిలు పోస్తే పెరిగిందనుకో, రింగులు అరిగినట్టు. పెరగలేదుగా? వాల్వు మూసుకోవడం లేదన్నమాట. పైభాగం విప్పితే చాలమ్మాయ్," అన్నారు నాడి చూసిన వైద్యుడిలా.

ఆదివారం పని మొదలైంది. ఓ అట్టముక్కకి ఎనిమిది చిల్లులు పొడిచి, అంకెలు వేసి, తీసిన పుష్ రాడ్లని వరసగా గుచ్చాను. ఏది ఎక్కడిదో మళ్ళీ అక్కడికే వెళ్ళాలట. ఇన్నేళ్ళూ దేనితో కలిసి అరిగిందో దానితోనే పొసుగుతుందట! పోత ఇనుప హెడ్‌ని మావారూ పక్కింటబ్బాయీ కలిసి ఎత్తారు. లోపలంతా మాడిన పాలగిన్నెలా నల్లటి మసి. గీకడం మనకేం కొత్త?

రెండో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయింది. అది ఆనుకునే సీటు గుంటపడింది. పూర్వం పెట్రోల్లో కలిపే సీసం ఆ సీట్లని కాపాడేదట. 2000 నుంచీ దేశమంతటా సీసం లేని పెట్రోలే. పిల్లల ఆరోగ్యానికి మంచిదే గాని, పాత ఇంజన్లకి కష్టమొచ్చింది. కొత్త సీట్లు వేయడం ఇంట్లో అయ్యే పని కాదు కనుక హెడ్‌ని ఆటోనగర్ లేతు షాపుకి పంపాం.

అది తిరిగొచ్చాక వాల్వులు నూరే పని నాది. అంచుకి గరుకు పేస్టు రాసి, రబ్బరు మూతి వున్న కర్రని వాల్వుకి అంటించి, అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. చుట్టూ ఎక్కడా తెగకుండా బూడిదరంగు గీత పడితే నూరుడు అయినట్టు. తర్వాత పేస్టు మిగలకుండా తుడవాలి. కొత్త గాస్కెట్ వేసి, దుప్పటి సర్దినట్లు మధ్యనుంచి అంచులకి నట్లు బిగించుకుంటూ వచ్చాం.

చివరికి టాపెట్లు. "ఏ వాల్వు పూర్తిగా నొక్కుకుని వుందో ఆ అంకెని తొమ్మిదిలోంచి తీసెయ్. మిగిలిన అంకె వాల్వుకి సందు సరిచెయ్," అన్నారు. ఒకటి నొక్కుకుంటే ఎనిమిది, మూడు నొక్కుకుంటే ఆరు. ఇంతేనా! ఆ సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు. పల్చటి గేజి రేకు దూర్చి చూడాలి.

"ఇంకాస్త బిగిస్తే చప్పుడు తగ్గుతుంది కదా, మామయ్యగారూ?"

"తగ్గుతుంది. కానీ వేడికి ఇనుము సాగుతుంది కదమ్మా. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది. టాపెట్ కాస్త టకటకలాడితే భయం లేదు. చప్పుడు బొత్తిగా లేకపోతేనే కనిపెట్టి చూడాలి."

ఆయన ఇంజను గురించే అన్నారు. రేకు చేత్తో పట్టుకుని నేను మాత్రం ఆయన ముఖంలోకే చూస్తూ వుండిపోయాను.

కారు ఇప్పుడు ఎత్తులు ఎక్కుతోంది. రోజూ ఉదయం మామయ్యగారు బానెట్ మీద చెవి ఆనించి విని, "ఆరోది చూడాలమ్మాయ్," అంటూ వుంటారు. మొన్న చారులో ఉప్పు చాలలేదని కేకలు కూడా వేశారు. "మళ్ళీ మొదలెట్టారు," అని మావారు విసుక్కున్నారు. ఉప్పు తెచ్చి వడ్డిస్తుంటే నా ప్రాణం లేచొచ్చింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు సణుగుతున్నారా? సణగనివ్వండమ్మా. ఆ సణుగుడు ఆగిపోయిన రోజున మాత్రం వంట తర్వాత చూసుకోవచ్చు, ముందు వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి.