స్వస్థత అంటే జబ్బు తగ్గడమేనా?

మా గుంటూరు వైపు ఏ పాలెంలోకి వెళ్ళినా శుక్రవారంనాడు ఎక్కడో ఒకచోట ఉపవాస ప్రార్థన జరుగుతూనే ఉంటుంది. మిరపకోతల రోజులైతే ఆడవాళ్ళు పొద్దున్నే కూలికి పోయి, ఇంటికొచ్చి ఇన్ని నీళ్ళు పోసుకుని, చేతుల మంట చల్లారీ చల్లారకముందే కొంగు నెత్తిన వేసుకుని బయలుదేరతారు. చేతిలో బైబిలు, దాంతోపాటు చిన్న కొబ్బరినూనె సీసా. ఆ నూనెకి ప్రార్థన చేయించి తెచ్చుకుంటారు. పిల్లాడి జ్వరం, అత్తగారి మోకాళ్ళు, మొగుడి తాగుడు, కూతురి కడుపు పండకపోవడం, అన్నిటికీ అదే సీసా! చదువుకున్నవాళ్ళు కొందరు దీన్ని చూసి నవ్వుతారు. ఇంకొందరు ఆ సీసా ఉంటే చాలు, డాక్టరెందుకంటారు. నేను ఈ రెండు మాటలూ ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి.

మా పుట్టిల్లు పర్చూరు దగ్గర పల్లె. అప్పట్లో అది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మేం బాప్టిస్టులం. 1876-78 నాటి పెద్ద కరువు, పనిలేని జనం చేత ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవ తవ్వించి కూలి ఇప్పించడం, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం, ఇవన్నీ మా నాయనమ్మ నోట కథల్లా విన్నవాళ్ళం. నన్ను గుంటూరులో లూథరన్లకిచ్చారు. అక్కని మాత్రం ఊళ్ళోనే మేనబావకి చేశారు.

మాది నల్లరేగడి. 1980ల్లో ఊరంతా పత్తే. బావ కౌలుకి చేసేవాడు. ఆ దశాబ్దం మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిమీద తెల్లదోమ పడింది. ఆ రోజులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మందుమీద మందు కొట్టినకొద్దీ దోమని తినే మంచి పురుగులు చచ్చాయిగానీ దోమ చావలేదు. ఆకులు మసిబారి, పత్తి జిగురెక్కిపోయింది. మందుల కొట్లో అప్పు, కౌలు బాకీ, వడ్డీ. 1987లో బావ తన ప్రాణం తానే తీసుకున్నాడు. అక్కకి అప్పటికి ఇరవయ్యారేళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు.

సమాధి దగ్గర ఒక పెద్దమనిషి, పేరెందుకు లెండి, అందరికీ వినపడేలాగే అన్నాడు: “ఇట్టా పోయినోళ్ళకి ప్రార్థనేంది?” అని. అయినా ప్రార్థన జరిగిందనుకోండి, కానీ ఆ మాట అక్క చెవిలో ఉండిపోయింది. ఆ తర్వాత తను ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళడం మానేసింది. నెమ్మదిగా గుడికే వెళ్ళడం మానేసింది. నిద్ర లేదు, తిండి లేదు. కూతురి తల చిక్కుపడి అట్టకట్టినా చూసుకునేది కాదు. ఎవరైనా పలకరిస్తే గోడవంక చూసేది. ఊళ్ళోవాళ్ళు దయ్యం పట్టిందన్నారు. పక్క ఊరి స్వస్థత కూటానికి తీసుకెళితే అక్కడి బోధకుడు, మా నాన్న అప్పటికే తెచ్చిన నిద్రమాత్రల్ని చూపించి, “రెండు పడవలమీద కాళ్ళు పెడితే దేవుడు పని చెయ్యడు” అని అవతల పారేయించాడట. వారం తిరిగేసరికి అక్క నూతి గట్టుమీద కూర్చుని కనపడింది. నాన్న ఆ రాత్రే బస్సెక్కించి గుంటూరు తీసుకొచ్చి మా ఇంట్లో దింపాడు.

మా అత్తగారు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు చదివి, రిటైరయ్యేదాకా అక్కడే చేసిన మనిషి. ఈ ఆసుపత్రి గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఆన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. మన ఆడవాళ్ళకి వైద్యం చెయ్యాలని ఆమె కోరిక. మిషను వాళ్ళేమో వైద్య సేవకి ఇంకా సమయం రాలేదన్నారు, ఇళ్ళకెళ్ళి ఆడవాళ్ళకి చదువు, వాక్యం చెప్పే పనిమీద పంపారు. ఆమె ఆ పనీ చేసింది, వెంట తెచ్చుకున్న మందులతో వైద్యమూ మొదలుపెట్టింది. అధికారికంగా వైద్య మిషనరీ అని ఒప్పుకున్నది తర్వాతెప్పుడో. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి 1898లో తెరిచారు. 1930లో చనిపోయేదాకా ఆవిడ మనిషి గుంటూరుదే. ఘోషాలో ఉండి మగడాక్టరుకి చెయ్యి చూపించని ఇళ్ళున్న కాలంలో, దేవుడు ఇలా కూడా బాగుచేస్తాడని ఆలోచించడం చిన్న సంగతి కాదు. అమెరికాలో ఉన్న పెద్దలకే అది తట్టలేదు మరి!

మా అత్తగారు అక్కని చూసి ఒకటే మాటంది: “దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మెదడు అలిసిపోయింది. రేపు డాక్టరు దగ్గరికి పోదాం.” మా నాన్న భయంభయంగా “మరి ప్రార్థనమ్మా?” అన్నాడు. “చేద్దాం అన్నయ్యగారూ. వార్డులో పొద్దున ప్రార్థన చేసి కట్లు కట్టేవాళ్ళం, సాయంత్రం కట్లు మార్చి ప్రార్థన చేసేవాళ్ళం. ఏది గొప్పదని మాకెప్పుడూ తగాదా రాలేదు” అందావిడ.

అలా గుంటూరులోనే ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాం. ఆ రోజుల్లో జనం పిచ్చి డాక్టరనేవాళ్ళు, రిక్షా అతను కూడా అదేపేరు చెబితేనే తీసుకెళ్ళాడు. ఆయన కుంగుబాటు అని చెప్పి మాత్రలు రాశారు. మూడు వారాలదాకా గుణం తెలియదని, బాగున్నట్టుందని మధ్యలో ఆపొద్దని మరీమరీ చెప్పారు. ఆయన చెప్పినట్టే నెల తిరిగేసరికి అక్కకి నిద్ర వచ్చింది. ఆకలి వచ్చింది. ఒకరోజు తనంతట తను గోంగూర తెంపి, ఎండుమిరపకాయలు వేయించి, రోట్లో పచ్చడి నూరింది. మా అత్తగారు రెండోసారి అన్నం పెట్టించుకుని మరీ తిన్నారు. కానీ మాట మాత్రం రాలేదు. “ఊ”, “ఆ” తప్ప మా ఇంట్లో ఎవరూ తన గొంతు వినలేదు.

ఇక్కడే నాకు ‘స్వస్థత’ అన్న మాట గురించి ఆలోచన మొదలైంది. జబ్బు తగ్గింది, డాక్టరుగారు కూడా తగ్గిందన్నారు. మరి మనిషేది?

మా గుడి స్త్రీల సమాజంలో ఒక శనివారం బైబిలు స్త్రీ మార్కు సువార్త ఐదో అధ్యాయం చెప్పింది. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన ఆవిడ సంగతి. మనందరికీ తెలిసిందే. ఆస్తంతా వైద్యులకి పోసింది, జనంలో వెనకనుంచి వచ్చి ప్రభువు వస్త్రం ముట్టుకుంది, జబ్బు అక్కడికక్కడే పోయింది. కథ ఇంతే అయితే ఆమె ఎలా వచ్చిందో అలాగే చాటుగా వెళ్ళిపోవాలి కదా! కానీ ఆయన ఆగాడు. పక్కన యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, అందరూ తొందరపడుతున్నారు, అయినా ఆగి, ముట్టుకున్నదెవరని అడిగాడు. ఆవిడ వణుకుతూ ముందుకొచ్చి జరిగిందంతా చెప్పింది. ఆయన విన్నాడు. విని, నలుగురి ముందూ కూతురని పిలిచాడు. రక్తం ఆగడం ఒకటి, ఈ పిలుపు ఇంకొకటి. ఎన్నిసార్లో విన్న కథే. అయినా ఆయన ఆవిడ చేత మొత్తం చెప్పించిన సంగతి దగ్గర ఆ బైబిలు స్త్రీ కాసేపు ఆగింది. ఆ ఆగడంలో మా అక్క లేచి నిలబడింది.

ఏం చెప్పిందో అంతా రాయను, అది తన సొత్తు. బావమీద కోపం చెప్పింది. పిల్లల్నీ తననీ వదిలేసి పోయాడని తిట్టింది. దేవుడిమీదా కోపం చెప్పింది. చివరికి, “ఆయన్ని దేవుడు తోసేస్తాడా?” అని అడిగింది. పదిహేనుమంది ఆడవాళ్ళం, ఒక్కరికీ జవాబు లేదు. అందరం ఏడ్చాం. ఒక ముసలమ్మ వెళ్ళి అక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం మా పాస్టరయ్యగారు, ఇద్దరు సంఘ పెద్దలు ఇంటికొచ్చారు. యాకోబు పత్రిక చివరి అధ్యాయంలో సంఘపు పెద్దలు వచ్చి రోగికి నూనె రాసి ప్రార్థించడం ఉంది. మా గుళ్ళో అప్పటికి అది ఎవరూ చేయగా నేను చూడలేదు. కథోలికుల్లో ఈ నూనె సంస్కారం ఎప్పట్నుంచో ఉంది. అయితే చాలాకాలం దాన్ని అవస్థ అభ్యంగనమని, ప్రాణం పోయేముందు చేసేదిగానే చూసేవారు. 1972లో పోపు ఆరవ పాల్ దాన్ని సవరించి, తీవ్రంగా జబ్బుపడ్డ ఎవరికైనా ఇవ్వొచ్చన్నారు. 1993 నుంచి లూర్దుమాత పండుగరోజు ఫిబ్రవరి 11ని ప్రపంచ రోగుల దినంగా కూడా జరుపుతున్నారు. మన గుణదల తిరనాళ్ళు ముగిసేది కూడా ఆ రోజే. అంటే పాత సంఘాలు కూడా మూసిన తలుపులు మళ్ళీ తీస్తూనే ఉన్నాయన్నమాట.

అయ్యగారు నూనె రాసేముందు అక్కతో అన్నారు: “అమ్మా, ఇది మంత్రం కాదు. రేపట్నుంచి దుఃఖం ఉండదని నేను చెప్పను. మీ ఆయన చివరి ఘడియలో ఏం జరిగిందో నీకూ నాకూ తెలియదు, దేవుడికి తెలుసు. తీర్పు చెప్పే పని ఆయన మనకివ్వలేదు. సమాధి దగ్గర ఎవరేమన్నా అది దేవుడి మాట కాదు.” నూనె రాశారు. ప్రార్థన చేశారు. లేచేముందు, “మాత్రలు టైముకి వేసుకుంటున్నావా?” అని కూడా అడిగారు.

అద్భుతం జరిగిందా అంటారా? ఆ రాత్రేం జరగలేదు. ఆ తర్వాత వచ్చిన ఈస్టరుకి అక్క ప్రభువు బల్ల దగ్గరికి నడిచింది. మాత్రలు డాక్టరుగారు తగ్గిస్తూ వచ్చి, ఏడాదిన్నరకి ఆపించారు. ఊరికి తిరిగివెళ్ళి, మిరప కల్లాల్లో తొడిమలు తీసి, తాలు ఏరి పిల్లలిద్దర్నీ చదివించుకుంది. మధ్యలో ఒకసారి మళ్ళీ కుంగింది, మళ్ళీ మాత్రలు వాడింది, మళ్ళీ ప్రార్థన చేయించుకుంది. దాన్ని విశ్వాసం తగ్గడమని నేననుకోను. పౌలంతటివాడికే ముల్లు తీసెయ్యలేదు కదా.

ఒక్కమాట గట్టిగానే చెప్తాను. షుగరుకి ఇన్సులిను, క్షయకి మాత్రలు, మూర్ఛకి మందులు, మనసు జబ్బులకి మందులు ఆపమనే ప్రార్థన ఎక్కడ జరిగినా అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి. లూకా వైద్యుడని పౌలే రాశాడు, సువార్త రాయడానికి అది అడ్డం కాలేదు. అలాగే, ప్రార్థన అనగానే పెదవి విరిచే డాక్టరు దొరికితే మందు తీసుకుని ఆ విరుపు అక్కడే వదిలేసి రండి. ఇప్పుడు మనసు బాగాలేనివాళ్ళు పిచ్చి డాక్టరని రిక్షా అతనికి చెప్పుకోనక్కర్లేదు. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలిమానస్‌కి, 14416కి, ఫోను చేస్తే తెలుగులోనే, డబ్బు లేకుండా మాట్లాడతారు. మానసిక ఆరోగ్యంమీద 2017లో వచ్చిన చట్టం కూడా, ప్రాణం తీసుకోబోయినవాళ్ళని నేరస్థులుగా కాకుండా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూడమంది. మా అయ్యగారు ముప్పై ఏళ్ళ ముందే ఆ సంగతి గ్రహించారు.

అక్కకిప్పుడు అరవై దాటాయి. ఎవరూ పేరు పెట్టలేదుగానీ తనూ ఒక బైబిలు స్త్రీయే. కౌలు చేసి దెబ్బతిన్న ఇళ్ళకి, ముఖ్యంగా మగమనిషిని అలా పోగొట్టుకున్న ఇళ్ళకి వెళుతుంది. మొన్న మిరపకోతలప్పుడు ఇంకొల్లు దగ్గర ఒక చిన్నపిల్ల అలాగే అయిపోయిందని తెలిసి వెళ్ళింది. మొదటిరోజు బైబిలు తెరవనే లేదట. ఆ పిల్ల తల చిక్కుతీసి, నూనె రాసి, జడవేసి వచ్చిందట.

“మరి ప్రార్థన చెయ్యలేదా అక్కా?” అన్నాను ఫోనులో.

“శనివారం మళ్ళీ పోతాగదే. డాక్టరు దగ్గరికి కూడా నేనే తీసకపోతానని చెప్పా. ప్రార్థన అది అడిగితే చేస్తా. ఉండు, నా బీపీ మాత్ర ఏసుకోలేదింకా” అని ఫోను పెట్టేసింది.