స్వెటర్‌కు కాళహస్తి జోబు

తిరుపతిలో ఊలు అల్లుతున్నామంటే నవ్వేవాళ్లే ఎక్కువ. మే నెల ఎండకు కాళ్లు బొబ్బలెక్కే ఊళ్లో స్వెటర్ ఎవరికంటారు. ధనుర్మాసం రానీయండి, అప్పుడు మాట్లాడుకుందాం. సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే ఆ నెలలో, కొండ మీద తెల్లవారకముందే క్యూలో నిలబడినవాళ్లకు తెలుసు ఊలు విలువ. మదనపల్లె వాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. పక్కనే హార్సిలీ కొండ ఉండగా చలి వాళ్లకు చుట్టం.

ఒక్క మాట ఒప్పుకోవాలి. మన గొర్రెకూ ఈ ఊలుకూ సంబంధం లేదు. నెల్లూరు జాతి గొర్రె ఒంటి మీద ఉండేది వెంట్రుకే తప్ప ఉన్ని కాదు. కురుబలు నేసే కంబళి ఉన్ని మొరటుది, గొర్రెల కాపరికి వానలో గొడుగు, రాత్రి పడక. పసిపిల్లల టోపీకి అది పనికిరాదు. అంగట్లో రంగురంగుల ఉండలుగా దొరికేదాంట్లో చాలా భాగం అక్రిలిక్. అయినా అందరూ ఊలు అనే అంటారు, నేనూ అంటాను.

బళ్లో కుట్లు అల్లికల పీరియడులో సూదులు పట్టిన తరం ఆడవాళ్లు ఇప్పటికీ మా వైపు స్వెటర్లు అల్లుతున్నారు. మెడ బాగా తిప్పుతారు, చేతులు సరిగ్గా దించుతారు. జోబు మాత్రం పెట్టరు. మగవాళ్లకు అల్లితే పెడతారు, తమకు అల్లుకుంటే పెట్టుకోరు! చీరకు జోబు లేదు గదా, అలవాటు లేదు. డబ్బులు కొంగు ముడిలోనో, రొంటినో, జాకెట్లోనో ఉండాలి. నిజానికి జోబు సుఖం ఎరిగినది మా అవ్వల తరమే. నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తిలో ఆకుకు ఒక అర, వక్కకు ఒక అర, సున్నపు కాయకు ఒక అర, చిల్లరకు లోపలెక్కడో ఇంకో అర. పైన రంగు గుడ్డ అతుకులు, లాగితే మూతిపడే తాడు. అందమూ ఉంది, పనీ ఉంది. ఇప్పుడు కొనే రెడీమేడ్ చొక్కాల మీద మూతి కుట్టేసిన ఉత్తుత్తి జోబులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెయ్యి దూరనిది జోబు ఎట్లా అవుతుంది?

అందుకే అల్లిన స్వెటర్‌కు సింగారంగా ఒక జోబు పెట్టమని ఎవరడిగినా నేను కాళహస్తి వైపు చూపిస్తాను. జాకెట్టు కుట్టగా మిగిలిన కాళహస్తి కలంకారీ ముక్క చాలామంది ఇళ్లలో ఉంటుంది. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన నూలు బట్ట అది. ఆ పాల జిడ్డు వల్లే గీత పక్కకు పాకదు. నల్ల రంగు ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టి తీసింది. బొమ్మ గీసే వెదురు కలానికి చుట్టేది ఉన్ని ముక్క, దారంతో బిగిస్తే అదే రంగును పీల్చి వేలి నొక్కుడుకు వదులుతుంది. కాళహస్తి బట్టకు ఉన్నితో చుట్టరికం ఆ రకంగా ముందే ఉంది. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ కలంతో గీసిన పనికే.

ముక్క ఎంచుకోవడంలో మా ఆడవాళ్ల పట్టింపు ఒకటుంది, నేను దాని పక్షమే. కాళహస్తి బట్ట నిండా రాముడూ కృష్ణుడూ ఉంటారు. దేవుడి ముఖాన్ని కత్తిరించి నడుం దగ్గర అతికించరు. చిలకా, నెమలీ, మామిడి పిందె, తీగ, ఇవి చాలు.

ఇక అసలు చిక్కు. నేసిన బట్ట సాగదు, అల్లిన బట్ట సాగుతుంది. రెండూ కలిపి గట్టిగా కుడితే జోబు చుట్టూ స్వెటర్ ముడతలు పడుతుంది, వదులుగా కుడితే మూలల్లో ఊలు నోరు తెరుస్తుంది. స్వెటర్‌ను లాగకుండా బల్ల మీద పరిచి, జోబు వచ్చే చోట నిలువు వరస ఒకదాని వెంట, అడ్డ వరస ఒకదాని వెంట గుర్తుగా వేరే రంగు దారం పోనివ్వాలి. కంటి అంచనాతో పెట్టిన జోబు వేసుకున్నాక తప్పకుండా వంకరగా కనబడుతుంది. వెనక పాత చీర ముక్క ఆసరాగా పెట్టి, పై మూలలు రెండూ దాన్ని పట్టుకునేటట్టు కుట్టాలి. బరువు ఊలు మీద కాక ఆ గుడ్డ మీద పడుతుంది. మూతికి ఊలుతోనే నాలుగు వరసల పట్టీ అల్లితే బట్టా అల్లికా ఒకటే ఇంటివిగా కనిపిస్తాయి.

బట్ట వద్దు, లోపలి జోబే కావాలనేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అనే అల్లిక గురువు దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. పూర్తయిన స్వెటర్‌లో ఒకే ఒక్క కన్ను కత్తిరించి, ఆ వరస దారాన్ని అటూ ఇటూ జోబు వెడల్పు మేరకు విప్పుతారు. కింది కళ్లు సూదికెక్కించి మూతి పట్టీ అల్లుతారు, పై కళ్ల నుంచి కిందికి సంచి అల్లి లోపలివైపు కుడతారు. కత్తెర పెట్టే క్షణం గుండె ఆగినంత పని, అంతే. ఊలు పక్కకు విప్పితేనే విడుతుంది, తనంతట తాను చీరలా చిరిగిపోదు.

జోబు ఎక్కడుండాలంటే మోచెయ్యి కొంచెం వంచినప్పుడు వేళ్లు ఆగేచోట. అంచుకు మరీ దగ్గరైతే కూర్చున్నప్పుడు చిల్లర రాలిపోతుంది. సెల్‌ఫోన్ వెయ్యొద్దు, ఆ బరువుకు ఎంత మంచి అల్లికైనా మోకాళ్ల వైపు జారుతుంది. కొండ మీద గుళ్లోకి ఫోను ఎటూ రానివ్వరు. దర్శనం టోకెనూ, ఆధార్ కార్డూ, హుండీలో వేసే నాలుగు నోట్లూ పట్టాలి, పడితే అది మంచి జోబు.

కలంకారీ ముక్కను అతికించే ముందే ఇస్త్రీ చేయండి, తర్వాత చేస్తే వేడికి అక్రిలిక్ ఊలు చదునై పాడవుతుంది. అంతకన్నా ముందు ఆ ముక్కను తడిపి తెల్ల గుడ్డ మీద ఒత్తి చూడండి. రంగు దిగితే చన్నీళ్లలో జాడించి నీడన ఆరబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ దిగుతుంటే ముదురు రంగు స్వెటర్‌కు వాడుకోండి, తెల్లదానికి మాత్రం వద్దు.