సబ్బుల డబ్బుతో ఆంప్లిఫయర్



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగినారు. కవిత మాకు రాదు. హాస్టల్ చారు మీద, తెల్లారుజాము విజిల్ మీద మాకంటే బాగా రాసినవాళ్ళు ఉన్నారు. అందుకని స్టోర్ రూములో బియ్యం మూటల వెనక ఉండే ఆ పామాయిల్ రేకు పెట్టె కథ రాస్తున్నాం. పాతవాళ్ళలో సగం మందికి ఇది తెలిసిందే. కొత్త తమ్ముళ్ళకు పెట్టె తెలుసు గానీ కథ తెలియదు.

మేము అంటే ముగ్గురం. ఉప్పలూరు వాడు, నెమళ్ళదిన్నె వాడు, కొండసుంకేసుల వాడు. పెద్దముడియం హాస్టల్‌లో ఎవరినైనా ఊరి పేరుతోనే పిలుస్తాం కదా, ఇక్కడా అట్లే ఉండనీ. రాసే చెయ్యి ఒకరిదే అయినా తప్పు ముగ్గురిదీ. కాబట్టి మేము అనే రాస్తాం.

2016 ఏప్రిల్ 14కు అంబేద్కర్ గారు పుట్టి 125 ఏళ్ళు నిండాయి. ఆ ఏడు జయంతి ఘనంగా చేయాలని అందరం అనుకున్నాం. పటానికి పూలదండ వచ్చింది, బొరుగులు బెల్లం వచ్చాయి, మైకుసెట్టు మాత్రం రాలేదు. ఆ రోజే ఎక్కడో పెళ్ళి ఉందట, అక్కడికి పోయింది. వేపచెట్టు కింద నిలబడి గొంతు చించుకుని ఉపన్యాసాలు ఇచ్చాం. మూడో వరుస దాటితే వినపడలేదు. వెనక కూర్చున్న చిన్నపిల్లలు మట్టిలో గీతలు గీసుకుంటూ ఉండిపోయారు. చప్పట్లు ముందు వరుస నుండి మొదలై వెనక్కి పోయాయి, ఎందుకు కొడుతున్నారో వెనకవాళ్ళకు తెలియకుండానే.

ఆ జూన్‌లో మేము తొమ్మిదిలోకి వచ్చాం. హాస్టల్‌కు కూరగాయలు తెచ్చే ఆటో అన్న ఒక రోజు వంటింటి ముందర తన ఆటోలోని టేపు విప్పుకుని కూర్చున్నాడు. లోపల నల్లగా, వరసగా పద్నాలుగు కాళ్ళతో ఒక ముక్క ఉంది.

"ఇదేందన్నా?"

"ఇదా, 4440 ఐ.సి. ఈ జెర్రి ఒక్కటి బతికుంటే పాట, సచ్చిపోతే మూగ. మిగతా సామానంతా దీని ఊడిగానికే."

జపాన్‌లో శాన్యో కంపెనీ కార్ల టేపుల కోసం చేసిన ఐ.సి. అది. పూర్తి పేరు ఎల్.ఎ.4440. రెండు స్పీకర్లకు ఆరేసి వాట్లు ఇస్తుంది, రెంటినీ కలిపి ఒకే స్పీకరుకు పెడితే పంతొమ్మిది వాట్ల దాకా ఇస్తుంది. ఇవన్నీ మాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ రోజు తెలిసింది ఒక్కటే: ప్రొద్దుటూరులో ఈ ఐ.సి., బోర్డు, మిగతా సామాను అన్నీ ఒకే కవర్లో పెట్టి అమ్ముతారు, అతికించుకుంటే చాలు. ఇంక మాకు నిద్ర లేదు.

డబ్బు ఎక్కడిది? కాస్మెటిక్ చార్జీలని సబ్బులకు, నూనెకు వచ్చే డబ్బు ఒక్కటే మా చేతిలో ఆడేది. తలా పది రూపాయలు అడిగాం. మూడు, నాలుగు తరగతుల పిల్లలకు అయిదు చాలన్నాం. లెక్కల నోటు చివరి పేజీలో పేర్లు రాసి టిక్కులు పెట్టుకున్నాం. చందా పూర్తయ్యేసరికి నవంబరు వచ్చింది, అదే నెల 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. దేశమంతా బ్యాంకుల ముందర వరసలు కట్టింది. మా దగ్గర ఉన్నవన్నీ పది నోట్లు, చిల్లర నాణేలు. జీవితంలో ఆ ఒక్క నెల మేము ధనవంతులం. మొత్తం 610 రూపాయలు.

డిసెంబరులో రెండో శనివారం జమ్మలమడుగులో బస్సు మారి ప్రొద్దుటూరు పోయాం. ప్రొద్దుటూరంటే అందరికీ బంగారం అంగళ్ళు గుర్తొస్తాయి. మేము వాటి ముందు నుంచే నడిచిపోయి ఒక సందులో రేడియో సామాన్ల అంగడి పట్టుకున్నాం. కిట్టు 150, పన్నెండు-సున్నా-పన్నెండు ట్రాన్స్‌ఫార్మర్ 230, సోల్డరింగ్ ఐరన్ 110, సీసం తీగ, పేస్టు కలిపి 40. బస్సు చార్జీలు పోను మిగిలిన దాంతో ముగ్గురం ఒక్కో టీ తాగాం. ఆ టీల ఖర్చు లెక్కలో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాం.

సోల్డరింగ్ చూసినంత సులువు కాదు తమ్ముళ్ళూ. మొదట మేము సీసాన్ని ఐరన్ మొనకు తాకించి, ఆ కరిగిన బొట్టును తెచ్చి కాలి మీద పెట్టేవాళ్ళం. అది మినపగింజ మాదిరి గుండ్రంగా నిలబడేది, గోటితో గీరితే ఊడొచ్చేది. కాలినీ, బోర్డు మీది రాగినీ ముందు వేడిచేసి, ఆ వేడికి సీసం దానంతటదే పారేటట్లు చేయాలని తెలియడానికి మూడు రాత్రులు, నాలుగు వేళ్ళు ఖర్చయ్యాయి. రెసిస్టర్ల రంగులు మాత్రం ఎక్కాల మాదిరి బట్టీ పట్టాం. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు. గోధుమ, నలుపు, ఎరుపు వరసగా ఉంటే వెయ్యి ఓములు. పడుకునే ముందు ఒకరు రంగులు చెబితే ఇద్దరం విలువ చెప్పేవాళ్ళం. స్పీకరు ఆటో అన్న ఇచ్చాడు, చినిగిన అట్టకు నోట్‌బుక్ కాగితం అంటించి. ఖాళీ పామాయిల్ డబ్బా కోసి పెట్టె చేశాం.

కిట్టులో ఒక జిరాక్సు కాగితం ఉంది, అంతా ఇంగ్లీషులో. బొమ్మ చూసి మిగతాదంతా పెట్టేశాం. చివరికి ట్రాన్స్‌ఫార్మర్ మిగిలింది. బోర్డు మీద ఎ.సి. అని రాసి రెండే రంధ్రాలు ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు తీగలేమో మూడు. రెండు ఒకే రంగు, నడిమిది వేరే రంగు. అడుగుదామంటే ఆటో అన్న ఆ వారం రాలేదు. ఇంట్లో అడగడానికి మా ముగ్గురి ఇళ్ళల్లోనూ ఆ కాగితం చదివేవాళ్ళు లేరు. "రంగు కలిసినవి జోడీ" అని మాలో ఒకరం తేల్చేశాం. ఎవరమో ఇప్పటికీ తగువే.

ఆ రాత్రి స్టడీ అవర్ అయ్యాక అందరినీ పిలిచాం. యాభై మందికి పైగా గుమిగూడినారు. ముందు వరుసలో ఆరో తరగతి పిల్లోడు ఒకడు, మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్నాడు. స్విచ్ వేశాం. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత టప్పుమని టపాకాయ మాదిరి పేలింది. పెద్ద కండెన్సర్ మూత ఎగిరి, లోపలి కాగితం ముక్కలు తలల మీద రాలాయి. ఐ.సి. నడుమ చీలింది. కాలిన వాసనకు వంట అక్క పరిగెత్తుకుని వచ్చింది.

అంతా నిశ్శబ్దం. ఎవరో, "ఏమైందన్నా?" అన్నారు.

అప్పుడు మేము చెప్పిన మాట ఇది: "అంగడాయన డూప్లికేట్ ఐ.సి. అంటగట్టినాడు."

అబద్ధమని ఆ క్షణంలో మాకు కచ్చితంగా తెలియదు. కానీ నిజమని అస్సలు తెలియదు. మా మీదికి రాకుండా ఉంటే చాలనుకున్నాం. పిల్లలు ఆ అంగడాయనను వారం రోజులు తిట్టారు. ప్రొద్దుటూరు పోయి గొడవ పెడదామని పెద్దోళ్ళు ఇద్దరు లేచారు కూడా. ఆ ఆరో తరగతి పిల్లోడు మాత్రం నీళ్ళ తొట్టి దగ్గర మమ్మల్ని ఆపి, "అన్నా, ఆయన్నడిగి నా పది రూపాయలు తెచ్చిస్తారా? సబ్బు అయిపోయింది" అన్నాడు. ఆ రోజు నుంచి తొట్టి దగ్గరికి వాడు లేనప్పుడు పోయేవాళ్ళం.

సంక్రాంతి సెలవులకు ఊళ్ళకు పోయాం. మా మండలంలో నల్లరేగడి, శనగ పంట. ముందు వేసిన చేలు అప్పటికే పీకుడుకు వచ్చినాయి. ముగ్గురం ఎవరి ఊళ్ళో వాళ్ళం అమ్మలతో కూలికి పోయాం. శనగ చెట్టు ఆకు మీద పులుపు ఉంటుంది, పొద్దున మంచుకు అది కరిగి చేతులకు అంటుతుంది. ఐరన్‌తో కాలిన వేళ్ళకు ఆ పులుపు తగిలితే ఎట్లుంటుందో రాయడం కష్టం. ఎందుకురా ఈ కూలి అంటే, నోట్సులకు అని చెప్పాం. అది ఇంకో అబద్ధం.

సెలవులు కాగానే కాలిపోయిన బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ సంచిలో వేసుకుని మళ్ళీ ఆ అంగడికి పోయాం. ఐ.సి. మంచిది కాదని అనాలని దారి పొడవునా మాటలు సిద్ధం చేసుకున్నాం. ఆయన బోర్డు చూసి ఏమీ అనలేదు. మల్టీమీటర్ తీసినాడు.

"ఏ తీగెలు కలిపినారప్పా?"

చూపించాం. ఆ రెండు తీగల మధ్య మీటరు పెట్టినాడు. ఇరవై నాలుగు చిల్లర. కొత్త కండెన్సర్ ఒకటి, అది యాభై వోల్టులది, నాలుగు డయోడ్లతో కలిపి దాని మీద పెట్టినాడు. ముప్పై మూడు.

"ఈ ఐ.సి. పద్దెనిమిదికి మించి ఓర్సుకోదు. పేలిన కండెన్సర్ మీద ఏం రాసుందో చదవండి."

25 వోల్టులని రాసి ఉంది. దాన్ని మా చేతులతోనే పెట్టినాం. తర్వాత ఆయన నడిమి తీగ, ఒక పక్క తీగ పట్టుకుని కొలిచినాడు. పన్నెండు చిల్లర. డయోడ్లు దాటినాక పదహారు.

"పాడేటప్పుడు ఇంకా రెండు దిగుతాది. సరిపాయ."

"పన్నెండు పదహారు ఎట్లయితాది సార్?" అని అడిగాం.

"ఏసీ అల మాదిరి ఎగస్తా దిగతా ఉంటాది. పన్నెండు అనేది సర్దిన లెక్క. అల మొన దానికంటే పైన ఉంటాది. కండెన్సర్ ఆ మొనను పట్టుకుంటాది. ఎంత పైనంటే నాకు లెక్క తెల్దు, మీటరు తెలుసు."

ఆ లెక్క మాకు డిగ్రీలో దొరికింది. పన్నెండును రెండు వర్గమూలంతో, అంటే 1.414తో పెంచితే పదిహేడు, అందులో రెండు డయోడ్లకు వోల్టు పైచిలుకు పోతుంది. మాలో ఒకరం ఇప్పుడు యోగి వేమన యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం. క్లాసులో ఆ 1.414 వచ్చిన ప్రతిసారీ ఆ కాలిన వాసన వస్తుంది.

ఐ.సి.కి 50, కండెన్సర్‌కు 15 తీసుకున్నాడు ఆయన. తగ్గించలేదు, మేము అడగలేదు. నెల రోజులుగా యాభై మంది తనను దొంగ అంటున్నారని ఆయనకు తెలియదు. బస్సులో ఎవరం మాట్లాడలేదు. జమ్మలమడుగు బస్టాండులో కొండసుంకేసుల వాడు, "చెప్పేద్దాం రా" అన్నాడు. మేము ఊఁ అన్నాం.

ఆ రాత్రి కంచాలు పట్టుకుని వరుసలో నిలబడినవాళ్ళ ముందు చెప్పాం. ఐ.సి. మంచిదే, తీగలు మేమే తప్పు కలిపినాం, తెలియక కాదు, అడక్క కలిపినాం, మీకు చెప్పింది అబద్ధం అన్నాం. పదో తరగతి అన్న ఒకడు మా వైపు చూసి, "కొత్తదానికి చందా అడిగితే మాత్రం తంతా" అన్నాడు. ఇది మా కూలి డబ్బు అని చెప్పాం. ఎవరో నవ్వినారు. తర్వాత చాలామంది నవ్వినారు. మాకు తిట్లే మేలనిపించింది. ఆరో తరగతి పిల్లోడు నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "అయితే అంగడాయన మంచోడేనా?" అన్నాడు.

"మంచోడే రా."

వాడికి మరుసటి రోజు సబ్బు ఇచ్చాం. అది మేము ముగ్గురం వాడుకునే సబ్బు. ఆ నెల మా బట్టలు ఎట్లుండేవో తోటివాళ్ళను అడగండి.

రెండోసారి స్విచ్ వేసేటప్పుడు ఎవరినీ పిలవలేదు. పేలలేదు. ఇన్‌పుట్ తీగకు వేలు తాకిస్తే స్పీకరు భోరుమంటే బతికున్నట్లు లెక్క అని అంగడాయన చెప్పి పంపించినాడు. తాకించాం. భోరుమంది. ఆ మోత విని మేము ఎగిరినట్లు తర్వాత ఏ పాటకూ ఎగరలేదు. మైకు పెడితే మాత్రం వినీ వినపడనట్లు వచ్చింది. మైకు నుండి వచ్చేది వోల్టులో వెయ్యో వంతుల లెక్క, దాన్ని ముందు ఒక చిన్న ట్రాన్సిస్టర్ బోర్డుతో పెంచి తర్వాత ఐ.సి.కి ఇవ్వాలి. ఆ 30 రూపాయల బోర్డు ఆటో అన్న తెచ్చిపెట్టినాడు. ఇంక మిగిలింది తేనెతుట్టె మోత. ఎవరు మాట్లాడినా, మాట్లాడకపోయినా కింద మ్‌మ్‌మని ఒకటే రొద. తీగలు మార్చి, రేకు పెట్టెకు నెగటివ్ కలిపి, విడదీసి చూశాం. తగ్గింది గానీ పోలేదు.

2017 ఏప్రిల్ 14న అదే వేపచెట్టు కింద పెట్టాం. వార్డెన్ గారు రెండు మాటలు మాట్లాడినారు, చివరి వరుస తలలెత్తింది. తర్వాత ఆ ఆరో తరగతి పిల్లోడు కాగితం పట్టుకుని వచ్చాడు. మైకు స్పీకరు ఎదురుగా తిప్పి కీచుమనిపించినాడు, మేము పోయి తిప్పి పెట్టాం. రెండు వాక్యాలు చదివినాడో లేదో కరెంటు పోయింది.

వాడు మా ముగ్గురి వైపు చూశాడు. మళ్ళీ ఏం చేశారన్నా అన్నట్లు.

ఈసారి మేము కాదు, ఊరంతా పోయింది. కూరగాయలు దించుతున్న ఆటో అన్న మా మొహాలు చూసి, "అది కారు ఐ.సి. కదరా, బ్యాటరీ లేదా నా దగ్గర?" అన్నాడు. ఆటో బ్యాటరీ పన్నెండు వోల్టులది. ట్రాన్స్‌ఫార్మర్ తీగలు విప్పి, పెద్ద కండెన్సర్ రెండు కాళ్ళకు బ్యాటరీ తీగలు పట్టించాం. ఏది ప్లస్సు, ఏది మైనస్సు అని ముగ్గురం వేరువేరుగా చూసి, ఆటో అన్నను కూడా అడిగి, అప్పుడు తగిలించాం.

తేనెతుట్టె మోత లేదు. మూడు నెలలుగా వెతికిన రొద కరెంటుతోపాటే పోయింది. స్పీకరు పోయిందేమోనని మేము దగ్గరికి వంగాం. అప్పుడు అందులో పిల్లోడు ఊపిరి తీసుకోవడం వినపడింది. వాడు కాగితం సరిచేసుకుని, మళ్ళీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకున్నాడు.