బండే ఇల్లు

రెండేళ్లలో మూడు రూములు మారాను. మొన్న మాదాపూర్ ఓనర్ కూడా ‘నెలాఖరుకి ఖాళీ చెయ్యి బాబూ’ అనేశాడు. ఆ రాత్రి రీల్స్‌లో వ్యాన్ ఇళ్లు చూసి చూసి ఒక ప్లాన్ వేసేశా. సెకండ్ హ్యాండ్ ఓమ్నీ కొనాలి, లోపల చెక్క మంచం కొట్టించాలి, ఆఫీసు దగ్గరే కాపురం!

మర్నాడు కొండాపూర్ వెళ్తుంటే రోడ్డు పక్కన కొలిమి కనిపించింది. ఆయన పట్టకారుతో ఎర్రటి ఇనుము పట్టుకుంటే, ఆవిడ సమ్మెట ఎత్తి కొడుతోంది. అవును, సమ్మెట ఆవిడదే. మేవాడ్ నుంచి వచ్చిన గాడియా లోహార్లట. గాడీ అంటే బండి, లోహార్ అంటే కమ్మరి.

వీళ్ల బండి మామూలు ఎడ్లబండి కాదు. చెక్క మీద నగిషీలు, ఇత్తడి బిళ్లలు. సామాను, సంసారం అన్నీ అందులోనే. 1568లో చిత్తోడ్ కోట అక్బర్ చేతికి పోయింది. అది తిరిగొచ్చేదాకా ఇంట్లో ఉండం, మంచం మీద పడుకోం, దీపం పెట్టం అని పెద్దలు ఒట్టేసుకున్నారని వీళ్లు చెప్పుకునే కథ. అందుకే మంచాన్ని తిరగేసి బండి మీద కట్టుకునేవాళ్లు. 1955 ఏప్రిల్ 6న ప్రధాని నెహ్రూ స్వయంగా వీళ్లను చిత్తోడ్ కోటలోకి తీసుకెళ్లారు. ఒట్టు తీరింది. ఇళ్లు మాత్రం అందరికీ రాలేదు.

ఇక్కడ బండి కూడా లేదు. టార్పాలిన్ కింద ఒక పాత ట్రాలీ ఆటో.

‘బండేదమ్మా?’ అనడిగా.

‘ఎడ్లని ఎక్కడ మేపాలి భయ్యా?’ అంది హిందీలో. చుట్టూ చూశా. అన్నీ అద్దాల మేడలే.

నా ఓమ్నీ ప్లాన్ చెప్తే పకపకా నవ్వింది. ‘అర్ధరాత్రి ఎవడో వచ్చి లెమ్మంటే ఎక్కడికెళ్తావ్? పొద్దున్నే నీళ్లెవరిస్తారు?’ బొగ్గులు ఏరుతున్న పిల్లాణ్ని చూపించింది. ‘వీణ్ని రెండుసార్లు బడిలో వేశాం. పేరు రాయించుకున్నంతసేపు పట్టలేదు, మళ్లీ బయల్దేరాం.’

ఏం మాట్లాడాలో తెలీక ఒక కూరగాయల కత్తి కొన్నాను.

ఓమ్నీ కొనలేదు. గచ్చిబౌలిలో ఇంకో షేరింగ్ రూములో చేరా. అగ్రిమెంట్లో ‘శాశ్వత చిరునామా’ అన్నచోట మా ఊరి ఇంటి నంబరు రాసేశా. నాన్న కట్టిన ఇల్లు, నేను ఏడాదికి నాలుగు రోజులు కూడా ఉండను.

మూడు వారాలకి కత్తి పిడి వదులైంది. బిగించమందామని వెళ్తే అక్కడ ఎవరూ లేరు. కాస్త బూడిద ఉంది, పక్కనే ఎవరో కారు పార్క్ చేశారు.